గండం గడిచింది.. ఇక అడుగు పడాలి

* ఐసీయూ నుంచి ఇల్లు చేరిన రోగికి వ్యాయామమే రెండో వైద్యం
* విశ్రాంతి పేరిట మంచానికే పరిమితం చేస్తే ముప్పు

దెందులూరు: ఇంటి పెద్ద పదిహేను రోజులు ఐసీయూలో మృత్యువుతో పోరాడి ఇల్లు చేరాడు. గుమ్మంలో దిష్టి తీశారు. బంధువులు వచ్చి పలకరించి వెళుతున్నారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని వైద్యులు చెప్పారు. అయినా ఆ మనిషి మంచం మీద నుంచి తనంతట తాను లేవలేకపోతున్నాడు. గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. 'మీరు లేవమాకండి, అన్నీ నేను తెచ్చిస్తాను' అంటుంది ఇల్లాలు. 'అంత జబ్బు చేసింది కదా, రెండు నెలలు పడుకుంటే అదే సర్దుకుంటుంది' అంటారు పెద్దలు. రెండు నెలలు గడిచినా అది సర్దుకోదు సరికదా, ఉన్న శక్తి కూడా తరిగిపోతుంది.

పల్లెల్లో తరచూ కనిపించే దృశ్యమిది. ఇందులో ఎవరి ప్రేమనూ తప్పుపట్టలేము. తప్పల్లా విశ్రాంతే మందు అన్న నమ్మకంలో ఉంది. ఐసీయూ నుంచి బయటపడిన రోగికి కొలతగా, క్రమంగా చేయించే కదలికే అసలైన మందు అని వైద్యశాస్త్రం చెబుతోంది.

డిశ్చార్జి అంటే కోలుకోవడం కాదు

ఈ ప్రాంతంలో ఐసీయూ అవసరం ఏ ఇంటికైనా రావచ్చు. దెందులూరు మీదుగా సాగే పదహారో నంబరు జాతీయ రహదారిపై ప్రమాదాలు, వరి చేలగట్లపై పాముకాట్లు, పొలాల్లో పురుగుమందుల విషప్రభావం, పట్టణం పల్లె తేడా లేకుండా గుండెపోటు, పక్షవాతం, రక్తంలోకి పాకే ఇన్‌ఫెక్షన్లు.. కారణం ఏదైనా చివరకు చేరేది అదే గదికి.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో అంతుచిక్కని అస్వస్థతతో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలైన సంగతి తెలిసిందే. వారిలో అత్యధికులు మూర్ఛ నుంచి తేరుకుని కొద్ది రోజుల్లోనే నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లారు. మరుసటి ఏడాది వచ్చిన కొవిడ్ రెండో దశ అలాంటిది కాదు. రోజువారీ ప్రకటనల్లో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన ప్రతి రోగినీ 'కోలుకున్నవారి' ఖాతాలోనే వేశారు. వారాల తరబడి వెంటిలేటర్‌పై ఉండి వచ్చినవారికి మాత్రం కోలుకోవడం ఆ రోజే మొదలైంది. ఆ లెక్క ఏ ప్రకటనలోనూ లేదు.

పది రోజుల్లో కరిగే కండ

ఐసీయూ రోగి ఎందుకింత బలహీనపడతాడన్నది చాలా కుటుంబాలకు అర్థం కాని ప్రశ్న. దీనికి కారణాలు అనేకం. శరీరం తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే వేళ తన కండరాల్లోని మాంసకృత్తులనే కరిగించి వాడుకుంటుంది. మత్తుమందుల ప్రభావంతో రోగి కదలడు. కదలని కండ వేగంగా క్షీణిస్తుంది. తీవ్ర జబ్బులో చేతులకు, కాళ్లకు వెళ్లే నరాలు సైతం దెబ్బతినే అవకాశం ఉంది. వెంటిలేటర్ శ్వాస అందిస్తున్నంత కాలం రొమ్ముకు, పొట్టకు మధ్య ఉండే శ్వాస కండరానికి పని తగ్గి అది కూడా బలం కోల్పోతుంది.

లండన్‌లో 63 మంది ఐసీయూ రోగులపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో తొడ ముందుభాగంలోని కండరం పది రోజుల్లోనే సుమారు 18 శాతం తగ్గినట్లు తేలింది. మనిషి లేచి నిలబడటానికి, మెట్లు ఎక్కడానికి ఆధారం ఆ కండరమే. రోగి లేవలేకపోవడానికి సోమరితనమో, భయమో కారణం కాదని, లేపే కండ నిజంగానే లేదని ఇంటిల్లిపాదీ గ్రహించాల్సి ఉంది.

కెనడాలో ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బతికి బయటపడిన 109 మందిని ఏడాది పాటు పరిశీలించి 2003లో ఫలితాలు వెల్లడించారు. ఐసీయూ వీడేనాటికి వారు సగటున తమ బరువులో 18 శాతం కోల్పోయారు. ఊపిరితిత్తుల సామర్థ్యం ఆరు నెలలకు సాధారణ స్థాయికి చేరువైనా, ఏడాది తరువాత తిరిగి పనిలో చేరినవారు సగం మందే. ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం మూడు నెలలకు 281 మీటర్లు ఉండగా, ఏడాదికి 422 మీటర్లకు పెరిగింది. అంటే నడక మెరుగుపడుతుంది, కానీ దానికి నెలలు పడుతుంది. ఈ మాట ముందే తెలిసిన కుటుంబం మధ్యలో నిరాశ చెందదు.

మనసుకూ గాయమే

బలహీనత శరీరానికే పరిమితం కాదు. ఐసీయూలో రాత్రీ పగలూ తేడా తెలియదు. మత్తు, జ్వరం, నిద్రలేమి కలిసి రోగి సంధి మాటలు మాట్లాడతాడు. లేనివి కనిపిస్తాయి. ఇంటికి వచ్చాక పీడకలలు, మతిమరుపు, చిన్న విషయానికే కోపం, దిగులు వెంటాడుతాయి. శరీరం, బుద్ధి, మనసు మూడింటినీ పట్టుకునే ఈ స్థితికి 'ఐసీయూ అనంతర లక్షణ సముదాయం' అన్న అర్థమిచ్చే పేరు 2012లో వైద్య సాహిత్యంలో స్థిరపడింది. నెలల తరబడి సేవ చేసే కుటుంబ సభ్యులకూ ఇదే దిగులు సోకుతుందని వైద్యులు గుర్తించారు. 'మనిషి మారిపోయాడు' అని నిష్ఠూరమాడే ముందు ఇది జబ్బు మిగిల్చిన గాయమని తెలుసుకోవడం మేలు.

పడుకోబెట్టడం నుంచి నడిపించడం వరకు

ఐసీయూ చరిత్ర 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో మొదలైంది. పోలియో విజృంభించి రోగులు శ్వాస అందక మరణిస్తున్న వేళ, మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతులో గొట్టం అమర్చి చేత్తో సంచిని నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతి ప్రవేశపెట్టారు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా ఆ సంచులు నొక్కి ప్రాణాలు నిలబెట్టారు. తరువాతి కాలంలో యంత్రాలు వచ్చాయి. వాటితో పాటు రోగిని గాఢమైన మత్తులో ఉంచి, మంచానికే పరిమితం చేసే అలవాటూ వచ్చింది.

ఆ అలవాటును మార్చిన అధ్యయనాల్లో ఒకటి 2009లో అమెరికాలో వెలువడింది. వెంటిలేటర్‌పై ఉన్న 104 మందిలో సగం మందికి మత్తు తగ్గించి తొలి రోజుల నుంచే వ్యాయామం చేయించారు. ఆసుపత్రి వీడేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవారు ఈ వర్గంలో 59 శాతం కాగా, ఆలస్యంగా వ్యాయామం మొదలైన వర్గంలో 35 శాతమే. సంధి ఉన్న రోజులు కూడా సగానికి తగ్గాయి.

అయితే అతి పనికిరాదు. ఆరు దేశాల్లో 750 మందిపై జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో సాధారణ స్థాయిని మించి వ్యాయామం చేయించినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. పైగా గుండె లయ తప్పడం, రక్తపోటు మారడం వంటి ఇబ్బందులు పెరిగాయి. కదలిక తప్పనిసరే అయినా మోతాదును నిపుణులు నిర్ణయించాలన్నదే దీని సారాంశం.

ఆసుపత్రిలోనే తొలి మెట్టు

రోగి స్పృహలో లేనప్పుడు ఫిజియోథెరపిస్టు అతని చేతులు, కాళ్ల కీళ్లను మెల్లగా వంచి చాపుతారు. కీళ్లు బిగుసుకుపోకుండా ఇది కాపాడుతుంది. పడకపుండ్లు రాకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు. స్పృహ వచ్చాక మంచంపై కూర్చోబెట్టడం, కాళ్లు కిందకు వేలాడదీయడం, నిలబెట్టడం, కుర్చీలోకి మార్చడం.. ఇలా ఒక్కో మెట్టు ఎక్కిస్తారు. నాడి, రక్తపోటు, ఆక్సిజన్ నిలకడగా ఉంటే వెంటిలేటర్ ఉండగానే ఇవి చేయించవచ్చు. 'గొట్టాలుండగా కదిలిస్తారా' అని బంధువులు అడ్డుపడరాదు.

ఇంటి వద్ద ఇలా..

ఇంటికి వచ్చాక పాటించాల్సిన కొన్ని పద్ధతులు ఇవి. రోగి చికిత్స చేసిన వైద్యుని అనుమతి మేరకే వీటిని ప్రారంభించాలి.

* నులక మంచం కుంగుతుంది కనుక లేవడం కష్టం. గట్టి చెక్కమంచం, చేతులున్న కుర్చీ మేలు.

* పగటి వేళ పడుకునే సమయం తగ్గించి కూర్చునే సమయం పెంచాలి. భోజనం కూర్చునే చేయాలి.

* కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం అన్నిటికన్నా విలువైన వ్యాయామం. మొదట రెండు మూడుసార్లతో ఆరంభించి, రోజుకు మూడు నాలుగు పూటలు చేయించాలి. పక్కన ఒకరు తప్పనిసరిగా ఉండాలి.

* నడక గదిలో మొదలై వసారాకు, వీధికి సాగాలి. వీధిలో కరెంటు స్తంభాలే కొలబద్దలు. ఈ వారం ఒక స్తంభం వరకు వెళితే వచ్చే వారం రెండోదాని వరకు వెళ్లాలి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. మాట తెగిపోతుంటే ఆగాలి. ఎండలో కాక ఉదయం, సాయంత్రం నడిపించాలి.

* కింద కూర్చునే మరుగుదొడ్డి వాడటం తొలినాళ్లలో ప్రమాదకరం. కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోవాలి. తడి నేలపై జారిపడితే పరిస్థితి మళ్లీ మొదటికి వస్తుంది.

* చొక్కా గుండీలు పెట్టుకోవడం, తల దువ్వుకోవడం, ముద్ద కలుపుకోవడం రోగి చేతే చేయించాలి. ఆలస్యమైనా ఫరవాలేదు. చేతికి అదే వ్యాయామం.

* ఒక పుస్తకంలో ఏ రోజు ఎన్ని అడుగులు వేసిందీ రాసుకుంటే, కంటికి కనిపించని మెరుగుదల కాగితంపై కనిపిస్తుంది.

పథ్యం పేరిట పస్తులొద్దు

జబ్బు పడి లేచినవారికి జావ, ఇడ్లీ, చారన్నం మాత్రమే పెట్టడం మన ఇళ్లలో ఆచారం. గుడ్డు, చేప పెడితే 'చీము పడుతుంది' అన్న భయం ఇప్పటికీ ఉంది. కరిగిన కండ తిరిగి రావాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, పాలు, గుడ్డు, చేపలు ఇందుకు ఉపకరిస్తాయి. కొల్లేటి చేప అందుబాటులో ఉన్న ఈ ప్రాంతంలో రోగిని చారన్నంతో నీరసింపజేయడం విచారకరం. ఆకలి మందగిస్తుంది కనుక కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నవారు, మధుమేహం ఉన్నవారు మాత్రం వైద్యుని సలహాపైనే ఆహారం నిర్ణయించుకోవాలి. గొంతులో గొట్టం పెట్టి తీసినవారికి మింగడం కష్టంగా ఉండవచ్చు. తింటుంటే దగ్గు, పొలమారడం కనిపిస్తే పెట్టడం ఆపి వైద్యునికి చెప్పాలి.

పురుగుమందు బాధితుల విషయంలో..

కొన్ని రకాల పురుగుమందులు శరీరంలోకి వెళ్లినవారిలో మొదటి ప్రమాదం తప్పిన తరువాత, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ ఎత్తలేకపోవడం, శ్వాస కండరాలు నీరసించడం జరుగుతుంది. మరికొందరిలో రెండు మూడు వారాల అనంతరం కాళ్లలో తిమ్మిరి, బలహీనత మొదలవుతాయి. ఇవి ఐసీయూ నీరసం కాదు, విషం నరాలపై చూపే ప్రభావం. 'నీరసమేలే' అని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆత్మహత్యాయత్నం చేసినవారికైతే కాళ్లకు వ్యాయామంతో పాటు మనసుకు ఊరట, మానసిక వైద్యుని సలహా రెండూ అవసరం.

ఈ లక్షణాలు కనిపిస్తే..

వ్యాయామం చేస్తుండగా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఆయాసం, పెదవులు నీలిబారడం కనిపిస్తే వెంటనే ఆపి 108కు ఫోన్ చేయాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలికి నూనెతో మర్దన చేయడం ప్రాణాంతకం. తిరిగి జ్వరం, నడుము కింద పుండ్లు, అయోమయం వంటివి కూడా తాత్సారం చేయదగినవి కావు.

ఇంటికి పంపే ముందే అడగాలి

రోగిని పంపించేటప్పుడు మందుల చీటీ అందరూ అడుగుతారు. వ్యాయామాల చీటీ అడిగేవారు అరుదు. ఏ వ్యాయామాలు, ఎన్నిసార్లు, ఏవి చేయకూడదు, తిరిగి ఎప్పుడు చూపించాలి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయించుకోవాలి. ఫిజియోథెరపిస్టును రోజూ ఇంటికి పిలిపించుకునే స్తోమత అందరికీ ఉండదు. అందుకే ఇంట్లో ఒకరు ఆసుపత్రిలోనే వ్యాయామాలు చూసి, చేసి నేర్చుకోవాలి. అనుమతి తీసుకుని సెల్‌ఫోన్‌లో చిత్రీకరించుకుంటే మరీ మంచిది.

ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. దానికి అనుబంధంగా ఉన్న సర్వజన ఆసుపత్రిలో వ్యాయామ చికిత్స గురించి వాకబు చేయవచ్చు. ఆరోగ్య పథకం కింద చికిత్స పొందినవారు తదుపరి పరీక్షలకు, మందులకు ఉన్న సదుపాయాన్ని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

పొలమో, చెరువో, ఆటోనో నమ్ముకున్న ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే, చికిత్సకు చేసిన అప్పు కన్నా ఆగిపోయిన రాబడి ఎక్కువ బాధిస్తుంది. లక్షలు వెచ్చించి దక్కించుకున్న ప్రాణం మళ్లీ పనిలోకి రావడానికి కావలసింది ఖరీదైన మందు కాదు. ఒక గట్టి కుర్చీ, రోజుకో గుడ్డు, పక్కన నిలబడి 'ఇంకొక్క అడుగు' అనే మనిషి. 'లేవమాకండి' అనే చోట 'నేను పట్టుకుంటాను, లేవండి' అనగలిగితే ఆ ఇంట్లో రెండో వైద్యం మొదలైనట్లే.