తూటాల లెక్క

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ పోటీలో స్వప్నిల్ కుసాలే కాంస్య పతకం గెలిచాడు. కొల్హాపూర్ జిల్లా కుర్రవాడు, రైల్వే ఉద్యోగి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన నాటి నుంచీ మనవాళ్ళకి ఈ ఆటంటే కొంచెం మమకారమే. పుణేలో నాకు తెలిసిన మూడు నాలుగు తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు పిల్లలు రైఫిల్ పట్టుకుంటున్నారు.

ఎయిర్ రైఫిల్ దాకా తల్లిదండ్రులు ఎలాగో నెట్టుకొస్తారు. ఆ పై మెట్టు పాయింట్ 22 రైఫిల్. అక్కడి నుంచి ప్రతి తూటా ఖర్చే. పోటీలకు పనికొచ్చే తూటాలు ఎక్కువగా విదేశాల నుంచి రావాలి. ఇంగ్లండు ఈలీ, జర్మనీ ఆర్.డబ్ల్యు.ఎస్., ఫిన్లాండు పేరున్న లాపువా వంటివి. ఒక్కో కంపెనీలో నాలుగైదు రకాలు, ఒక్కో రకానికి ఒక్కో ధర. ఏది కొనాలి? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది డబ్బూ, పిల్లల మనశ్శాంతీ రెండూ పోగొట్టుకుంటారు.

మిల్లీమీటర్ల ఆట

టార్గెట్ మీద 10 పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంటే మన చొక్కా గుండీ అంత. అది 50 మీటర్ల దూరంలో ఉంటుంది. వలయం నుంచి వలయానికి 8 మి.మీ. ఎడం. దశాంశాల్లో లెక్కించే పోటీల్లో 0.8 మి.మీ. పక్కకు పోతే 0.1 పాయింటు పోయినట్టే. 2012 లండన్‌లో మన జోయ్‌దీప్ కర్మాకర్ 50 మీటర్ల ప్రోన్ పోటీలో 1.9 పాయింట్ల తేడాతో కాంస్యం అందక నాలుగో స్థానంలో ఆగిపోయాడు. ఈ ఆటలో అదృష్టానికీ దురదృష్టానికీ మధ్య ఉన్న దూరం అంతే.

ఇక తూటా సంగతి. పాయింట్ 22 తూటాలో సీసపు గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. పోటీ తూటాల వేగం సాధారణంగా సెకనుకు 320–330 మీటర్లు. కావాలనే ధ్వని వేగం కన్నా కాస్త తక్కువ ఉంచుతారు. ధ్వని వేగాన్ని దాటి బయల్దేరిన గుండు దారిలో మళ్ళీ ఆ వేగానికి దిగేటప్పుడు చెదురుతుంది కాబట్టి. మందును అంటించే రసాయనం ఇత్తడి గొట్టం అంచులో చుట్టూ ఉంటుంది. అది అన్ని తూటాల్లోనూ ఒక్కలాగే పరుచుకోవాలి. మందు తూకం, గుండు ఆకారం, దానికి పూసిన మైనం, అన్నీ కుదరాలి. ఏది తేడా పడినా వేగం మారుతుంది. 50 మీటర్లు పోయేసరికి గుండు దాదాపు 12–13 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. వేగం సెకనుకు 5 మీటర్లు తగ్గితే ఆ జారుడు మరో 4 మి.మీ. పెరుగుతుంది. అంటే అర పాయింటు. పిల్ల గురి తప్పలేదు, ట్రిగ్గర్ సరిగానే నొక్కింది, అయినా అర పాయింటు పోయింది.

పైగా ఒక రైఫిల్‌కి నచ్చిన తూటా ఇంకో రైఫిల్‌కి నచ్చదు. ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే ధర అయినా పెట్టె మీద లాట్ నంబరు మారితే ఫలితం మారవచ్చు. అందుకే పెద్ద షూటర్లు తమ రైఫిల్‌ను ఈలీ, లాపువా వంటి కంపెనీల పరీక్షా కేంద్రాలకు తీసుకువెళ్ళి, అక్కడ కదలకుండా బిగించి, రకరకాల లాట్లతో కాల్పించి, నచ్చిన లాట్‌ను కొనుక్కుంటారు. మనలాంటివాళ్ళం మన ఊరి రేంజిలోనే ఆ పని చేసుకోవాలి.

ఒక కాగితం, ఒక రుణం

రెండేళ్ళ క్రితం ఒక పెద్దమనిషి మా బ్రాంచికి వచ్చారు. సోలాపూర్ నుంచి వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబం. కూతురు ప్రోన్ పోటీల్లో కాలుస్తుంది. ఖరీదైన తూటాలు ఒకేసారి పెద్ద మొత్తంలో కొనడానికి వ్యక్తిగత రుణం కావాలన్నారు. జేబులోంచి ఒక టార్గెట్ కాగితం తీసి చూపించారు. ఐదు గుళ్ళూ కలిసి ఒకే కంతలా ఉన్నాయి. "చూడండి సార్, ఈ తూటాతో మా పాప ఇలా కొట్టింది. పాత తూటాతో ఇలా ఎప్పుడూ రాలేదు" అన్నారు.

"బాగుందండీ. అదే రోజు ఇదే తూటాతో కాల్చిన మిగతా కాగితాలు ఏవి?" అని అడిగాను. అవి పారేశారట.

నేను కామర్స్ చదివినవాణ్ణి, తుపాకీ విద్య తెలియదు. కానీ ఒక్క నెల జమ చూసి ఎవరికీ అప్పు ఇవ్వకూడదని నా ఉద్యోగం నాకు నేర్పింది. బి.కాం.లో చదివిన స్టాటిస్టిక్స్ కూడా అదే చెబుతుంది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో అచ్చువేసిన పరిశోధన సరిగ్గా దీని గురించే. కొద్ది నమూనాలు చేతిలో ఉన్నప్పుడు సగటును ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఆయన ప్రశ్న.

ఒక ఉదాహరణ చూద్దాం. ఐదు గుళ్ళ గ్రూపు వెడల్పు సగటున 12 మి.మీ. వచ్చే తూటా ఉందనుకోండి. అదే పెట్టెతో, అదే చేత్తో గ్రూపు మీద గ్రూపు కాలిస్తే చాలావరకు 9 నుంచి 15 మి.మీ. మధ్య పడతాయి. కొన్ని 7కీ పోతాయి, కొన్ని 18కీ పోతాయి. తూటా మారలేదు, మనిషి మారలేదు. లెక్కల్లో సహజమైన ఊగిసలాట అది. 7 వచ్చిన కాగితాన్ని దాచుకొని 18 వచ్చినదాన్ని పారేస్తే అది పరీక్ష కాదు. రెండు లాట్లకూ చెరి ఐదు గ్రూపులు కాల్చినా, సగటుల మధ్య తేడా దాదాపు 4 మి.మీ. ఉంటేగాని ఇది మేలు, అది నాసి అని గట్టిగా చెప్పలేం.

పరీక్ష ఎలా చేయాలి

తండ్రీ కూతుళ్ళు కోచ్‌గారిని అడిగి పద్ధతిగా చేశారు. నేను లెక్క రాసేవాణ్ణిగా కూర్చున్నాను. ఆ పద్ధతి మన పిల్లలకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి కాల్చాలి. మనం పరీక్షిస్తున్నది తూటాను, పిల్ల చేతిని కాదు. తూటా రకం మార్చినప్పుడల్లా మొదటి పది పదిహేను లెక్కలోకి తీసుకోకూడదు. పాత తూటా మైనం బ్యారెల్‌లో ఉంటుంది, కొత్తది పట్టేదాకా ఆగాలి.

ఐదు కాకుండా పదేసి గుళ్ళ గ్రూపులు కాల్చాలి. ఉదయమంతా ఒక రకం, మధ్యాహ్నమంతా ఇంకో రకం కాల్చకూడదు. ఒక గ్రూపు ఇది, ఒక గ్రూపు అది, మార్చి మార్చి కాల్చాలి. గంటకు 10 కిలోమీటర్ల పక్క గాలి ఈ గుండును దాదాపు 2 సెంటీమీటర్లు తోసేస్తుంది. అంటే రెండున్నర పాయింట్లు. గాలి లేచాక కాల్చిన తూటాకు అన్యాయం జరగకూడదు కదా. ఎండ వేడికీ వేగం మారుతుంది.

కాల్చే మనిషికి ఏ పెట్టెలోది ఇస్తున్నారో చెప్పకపోతే ఇంకా మంచిది. ఖరీదైనది అని తెలిస్తే చెయ్యి దానంతట అదే జాగ్రత్తపడుతుంది. దూరంగా పడ్డ గుండును "అది లెక్కలోకి రాదు" అని కొట్టెయ్యకూడదు. పొరపాటుగా నొక్కితే, టార్గెట్ చూడకముందే ఆ మాట చెప్పాలి. ప్రతి కాగితం మీద తేదీ, లాట్ నంబరు, గాలి, వేళ రాసి దాచాలి.

కొలిచేటప్పుడు దూరపు రెండు కంతల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి గుండు వ్యాసం 5.6 మి.మీ. తీసేయాలి. వలయాన్ని తాకినా పాయింటు వస్తుంది కాబట్టి, పది గుళ్ళ కేంద్రాలూ మధ్యలో 16 మి.మీ. వృత్తంలో ఇమిడితే అన్నీ పదులే. అంతకన్నా తూటా నుంచి ఆశించనక్కరలేదు.

ఇదంతా అనుమతి ఉన్న రేంజిలో, రేంజి అధికారి ఎదుటే జరగాలి. తూటా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి, కనీసం అర నిమిషం ఆగి, అధికారికి చెప్పాలి. తూటాల కొనుగోలు లైసెన్సు పరిమితిలోనే ఉండాలి. ఇంట్లో తూటాలు తయారుచేసే ఆలోచన అసలే వద్దు. 1959 ఆయుధాల చట్టం కింద అది నేరం.

తేలిందేమిటి

రెండు ఆదివారాలు కాల్చి, సగటు తీస్తే రెండు తూటాలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ అమ్మాయి రైఫిల్‌కి పాత తూటాలే సరిపోతున్నాయి. తండ్రిగారు రుణం దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. మా బ్రాంచికి ఒక ఖాతా తగ్గింది గాని నాకు సంతోషమే. ఆ డబ్బులో కొంత పోటీల ప్రయాణాలకు ఉంచారు.

డబ్బు మిగలడం ఒక ఎత్తు, ఆ పిల్ల అన్న మాట ఒక ఎత్తు. అంతకుముందు 8 పడ్డ ప్రతిసారీ తూటాను తిట్టుకునేదట. ఆ తర్వాత తనను తాను తిట్టుకునేదట. "ఇప్పుడు తెలిసింది బాబాయ్‌గారూ, తూటా ఎంతవరకు తప్పుతుందో. అంతకు మించి పోతే నా ఊపిరో, గాలో. అది నేర్చుకోవచ్చు" అంది.

రైఫిల్ పట్టిన పిల్లలున్న తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. వాళ్ళ సంచిలో తూటాలతో పాటు ఒక నోటుపుస్తకం కూడా పెట్టండి. అందులో మంచి గ్రూపులూ రాయమనండి, చెడ్డ గ్రూపులూ రాయమనండి. ఖరీదైన పెట్టె కొనేది ఆ పుస్తకం చూశాకే.