మౌంటెన్ బైకింగ్: బరువెక్కువ ఉన్నా గుట్ట ఎక్కొచ్చు.. కానీ మొదటి రోజే కాదు! బయ్యారం బిగినర్స్‌కి 12 వారాల ప్లాన్

మొబైల్‌లో వీడియో చూస్తుంటే ఎంత ఈజీగా కనిపిస్తుందో! హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు రాళ్ల మీద నుంచి సైకిల్‌ని దూకించి, మలుపు తిప్పి, గుట్ట మీద నుంచి రయ్యిమని దిగిపోతాడు. అది చూసి మనకూ మనసవుతుంది. అదీ బయ్యారం లాంటి చోట ఉంటే చెప్పేదేముంది.. చుట్టూ ఎర్రటి ఇనుపరాతి గుట్టలు, పక్కనే పెద్ద చెరువు, ఊరు దాటితే మొరం బాటలు. కానీ వేయింగ్ మెషీన్ ఎక్కితే ముల్లు 95 దగ్గర ఆగుతోంది. రెండు అంతస్తుల మెట్లెక్కితే ఆయాసం. 'మనవల్ల అయ్యే పనేనా?' అన్న డౌట్.

అవుతుంది. కాకపోతే సైకిల్ కొన్న మొదటి ఆదివారమే గుట్ట మీదికి తోలితే మాత్రం కాదు. చాలామంది అక్కడే దెబ్బతింటారు. మోకాలు పట్టేస్తుంది, నడుము పట్టేస్తుంది, చూసినోళ్లు నవ్వుతారు.. ఆ తర్వాత సైకిల్ గోడకే ఆనుకుని ఉంటుంది. అలా కాకుండా 12 వారాల్లో ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

అసలు ఈ ఆట ఎక్కడిది?

1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత, బరువైన, లావు టైర్ల సైకిళ్లను కొండ మీదికి తీసుకెళ్లి మట్టి బాటల్లో కిందికి తోలేవాళ్లు. అక్కడి నుంచే మౌంటెన్ బైకింగ్ పెరిగింది. 1996 అట్లాంటా గేమ్స్‌తో ఒలింపిక్స్‌లోకీ వచ్చింది. అంటే ఇది మొదలైంది ఖరీదైన బండ్లతో కాదు, పాత సైకిళ్లతోనే.

మన బయ్యారం పేరు వింటే అందరికీ గుర్తొచ్చేది ఉక్కు ఫ్యాక్టరీ. 2014 విభజన చట్టంలో ఉమ్మడి ఖమ్మం జిల్లాకు స్టీల్ ప్లాంట్ సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. అప్పుడు బయ్యారం ఆ జిల్లాలోనే ఉండేది, 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఫ్యాక్టరీ సంగతి ఎలా ఉన్నా గుట్టలు, బాటలు మాత్రం మన కళ్ల ముందే ఉన్నాయి.

ముందు ఒంటి లెక్క తెలుసుకోండి

బరువెక్కువ అని ఎప్పుడంటారు? భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. 5 అడుగుల 6 అంగుళాల ఎత్తున్న మనిషికి సుమారు 65 కిలోలు దాటితే అధిక బరువు, 70 దాటితే ఊబకాయం అన్నమాట. బరువొక్కటే కాదు, నడుము కొలతా చూసుకోవాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని అంచనా వేసింది. చాలామందికి ఉన్న సంగతే తెలియదు. అందుకే సైకిల్ షాపు కంటే ముందు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. బీపీ, షుగర్ చూపించుకోండి. 40 ఏళ్లు దాటినవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు గుండె పరీక్ష అవసరమా అని డాక్టర్‌ని అడగాలి. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లకు వ్యాయామంలో షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంటుంది. డోసు, తిండి టైమింగ్ డాక్టర్‌తో మాట్లాడుకుని, జేబులో గ్లూకోజ్ లేదా చక్కెర పొట్లం పెట్టుకోవాలి.

గుట్ట దగ్గరే ఎందుకు ఆయాసం?

చదును రోడ్డు మీద బరువు పెద్దగా తెలియదు. అక్కడ ప్రధానంగా గాలితోనే మన పోటీ. ఎక్కుడు మొదలవగానే లెక్క మారిపోతుంది. అక్కడ మోసే ప్రతి కిలోనూ పైకి లాగాలి.

ఒక ఉదాహరణ చూడండి. 70 కిలోల మనిషి, 15 కిలోల సైకిల్ కలిపితే 85. అదే సైకిల్ మీద 95 కిలోల మనిషి ఉంటే 110. ఒకే గుట్ట, ఒకే ఎత్తు.. కానీ రెండో మనిషి దాదాపు 30 శాతం ఎక్కువ పని చేయాలి. 'నీకు దమ్ము లేదు' అని పక్కోడు నవ్వితే అతనికి ఈ లెక్క చెప్పండి.

ఇందులోనే ఒక ఊరట కూడా ఉంది. 50 మీటర్ల ఎత్తును 5 నిమిషాల్లో కాకుండా 10 నిమిషాల్లో ఎక్కితే, పైకి లాగడానికి కాళ్లు ఒక్కో క్షణం పెట్టాల్సిన శక్తి సగానికి తగ్గుతుంది. మొత్తం పని అదే, తొందర తగ్గింది అంతే. అందుకే బరువున్నవాళ్లకు మొదటి సూత్రం ఇదీ: తేలిక గేర్, నెమ్మది వేగం, ఆగకుండా తొక్కడం.

మోకాళ్ల భయం ఉన్నవాళ్లకు మరో మంచి మాట. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిల్ మీద బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది. అయితే బరువైన గేర్‌లో బలవంతంగా తొక్కితే ఆ లాభం పోతుంది.

సైకిల్ విషయంలో ఇవి చూడండి

ఖరీదైనదే కావాలని లేదు, సరైనది కావాలి.

- బరువు పరిమితి: కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు ఎంతో షాపులో అడగండి. అందులో బ్యాగు, నీళ్ల బరువు కూడా కలుస్తుందా అన్నది తెలుసుకోండి.
- టైర్లు: లావు టైర్లు మొరం మీద పట్టు ఇస్తాయి. ఎంత గాలి పట్టాలో టైర్ పక్కనే రాసి ఉంటుంది. బరువున్నవాళ్లు గాలి మరీ తక్కువ ఉంచితే రాయి తగిలి ట్యూబ్ పోతుంది.
- వెనక చక్రం: ఎక్కువ బరువు దాని మీదే పడుతుంది. స్పోక్ పుల్లలు వదులయ్యాయేమో నెలకోసారి మెకానిక్‌కి చూపించండి.
- సీటు ఎత్తు: పెడల్ కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు బాగా కిందికి ఉంటే మోకాలు నొప్పి తప్పదు.
- బ్రేకులు, హెల్మెట్: బండి మీద బరువు పెరిగే కొద్దీ ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. బ్రేకుల్లో రాజీ వద్దు. హెల్మెట్ లేకుండా మట్టి బాట ఎక్కొద్దు.

1-2 వారాలు: సైకిల్ పక్కన పెట్టండి, నడవండి

కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు మన ఊళ్లోనే ఉంది. పొద్దున్నే చెరువు వైపు నడక మొదలుపెట్టండి. వారానికి 5 రోజులు, మొదట 20 నిమిషాలు, రెండో వారానికి 30 నిమిషాలు. ఇంట్లో కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం 8 సార్లు, రోజుకు రెండు విడతలు. ఇవే కాళ్లకు మొదటి పాఠం.

3-4 వారాలు: చదును రోడ్డు మీద సైకిల్

రోజు విడిచి రోజు 20 నిమిషాలు, వాహనాలు తక్కువ ఉండే చదును రోడ్డు చూసుకోండి. మిగతా రోజుల్లో నడక. ఎంత స్పీడ్‌లో తొక్కాలి? దానికి వాచీ అక్కర్లేదు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన స్పీడ్. ఒక్కో మాటకూ ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు. పాట పాడగలిగితే మరీ తక్కువ.

ఈ వారాల్లో కూర్చునే చోట నొప్పి వస్తుంది. భయపడొద్దు, వారం పది రోజుల్లో అలవాటవుతుంది. చేతులు తిమ్మిరెక్కితే హ్యాండిల్ మీద ఒరిగిపోతున్నట్టు. మోచేతులు కాస్త వంచి, పట్టు వదులు చేయండి.

5-8 వారాలు: దమ్ము పెంచే టైమ్

వారానికి నాలుగు రోజులు సైకిల్. మూడు రోజులు 30 నుంచి 40 నిమిషాలు, ఆదివారం కాస్త ఎక్కువసేపు. ఆదివారం రైడ్ 5వ వారం 40 నిమిషాలతో మొదలై, 7వ వారానికి గంటకు చేరాలి. 8వ వారం మళ్లీ 40కి తగ్గించండి. ఒళ్లు బలపడేది విశ్రాంతిలోనే.

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ దశకు వచ్చేసరికి మీరు ఆ గీత దాటేస్తారు.

వారంలో రెండు రోజులు 15 నిమిషాలు బలం కోసం కేటాయించండి. కుర్చీ గుంజీలు, గోడకు పుషప్‌లు, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, మోకాళ్ల మీద ప్లాంక్. గుంతల్లో సైకిల్‌ని అదుపులో ఉంచేది కాళ్లు మాత్రమే కాదు.. నడుము, భుజాలు కూడా. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి చేయొద్దు.

7వ వారంలో వారానికి ఒకసారి ఇలా చేయండి: ఒక నిమిషం గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా. ఇలా నాలుగు సార్లు. గుట్ట ఎక్కేటప్పుడు గుండెకు ఈ అలవాటే పనికొస్తుంది.

9-12 వారాలు: ఇక మొరం బాట

ముందు ఖాళీ గ్రౌండ్‌లో బ్రేకులు ప్రాక్టీస్ చేయండి. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా నొక్కాలి. వదులు మొరం మీద ముందు బ్రేక్ ఒక్కసారిగా పట్టారంటే చక్రం జారి పడిపోతారు. మలుపు రాకముందే స్పీడ్ తగ్గించాలి, మలుపులో కాదు. దిగుడులో పెడల్స్ రెండూ సమానంగా ఉంచి, సీటు నుంచి కాస్త లేచి, ఒంటిని వెనక్కి జరపాలి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, వెళ్లాల్సిన దారి మీద ఉండాలి.

తర్వాత చిన్న ఎక్కుడు. ఎక్కుడు మొదలవకముందే తేలిక గేర్ వేసుకోండి. మధ్యలో మారిస్తే చైన్ పడిపోవచ్చు. దమ్ము అయిపోతే దిగి నడిపించుకుంటూ వెళ్లండి. అది ఓటమి కాదు. పోటీల్లో ఆరితేరిన రైడర్లు కూడా కొన్ని చోట్ల దిగి సైకిల్‌ని నెట్టుకుంటూ పోతారు. ఆదివారం రైడ్ 12వ వారానికి 90 నిమిషాలకు చేరితే చిన్న గుట్ట బాటకు మీరు రెడీ.

ఒక్క మాట.. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి అడగాలి. ఒంటరిగా వెళ్లొద్దు. ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. గుట్టల చాటున సిగ్నల్ అందకపోవచ్చు.

తిండి సంగతి

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. 95 కిలోల మనిషి ఓ మోస్తరు స్పీడ్‌లో అరగంట తొక్కితే ఖర్చయ్యేది సుమారు 250 నుంచి 300 కేలరీలు. వచ్చేటప్పుడు హోటల్ దగ్గర ఆగి రెండు సమోసాలు, ఒక కూల్‌డ్రింక్ లాగిస్తే ఆ లెక్క అక్కడికక్కడే చెల్లు.

అలాగని తిండి మానేయొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు పెంచాలని, నూనె, చక్కెర, ఉప్పు తగ్గించాలని చెబుతున్నాయి. మన భాషలో చెప్పాలంటే.. అన్నం కుప్ప తగ్గించి, కూర పెంచండి. రోజూ పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు ఏదో రూపంలో ఉండాలి. రాత్రి జొన్న రొట్టె అలవాటున్నవాళ్లు అదే కొనసాగించండి. పొద్దున్నే రైడ్‌కి ముందు ఒక అరటిపండు చాలు.

వారానికి అర కిలో తగ్గినా గొప్పే. మొత్తం బరువులో 5 శాతం తగ్గితేనే బీపీ, షుగర్‌లలో మార్పు కనిపించడం మొదలవుతుంది. 95 కిలోల మనిషికి అది ఐదు కిలోల లోపే. ముల్లు కదలకపోయినా నిరాశ వద్దు. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, ప్యాంటు వదులైందా.. అవీ లెక్కే.

ఎండతో ఆటలొద్దు

మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే. లావుగా ఉన్న ఒంట్లో వేడి త్వరగా బయటికి పోదు. వేసవిలో పొద్దున 8 లోపే ఇంటికి చేరేలా చూసుకోండి. గంట దాటే రైడ్‌కి నీళ్లతో పాటు ఓఆర్ఎస్ లేదా ఉప్పేసిన మజ్జిగ తాగండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు విషయం డాక్టర్‌ని అడిగి చేయాలి. వానాకాలంలో ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, గుట్ట బాటలు మానుకోండి.

ఇవి కనిపిస్తే వెంటనే ఆగండి

ఛాతీలో బరువు లేదా నొప్పి, అది చేతికి, దవడకు పాకడం, చల్లని చెమట, కళ్లు తిరగడం, ఆగినా తగ్గని ఆయాసం.. వీటిలో ఏది వచ్చినా 'గ్యాస్ అయ్యుంటుందిలే' అని నెట్టుకు రావద్దు. నీడలో కూర్చుని 108కి ఫోన్ చేయండి. కాళ్లు పట్టేయడం, ఒళ్లు నొప్పులు మామూలే. మోకాలు వాచినా, నొప్పి మూడు రోజులు దాటినా రైడ్ ఆపి చూపించుకోండి.

చివరిగా..

మొదటి రోజు ఊళ్లో నుంచి సైకిల్ మీద పోతుంటే ఎవరో ఒకరు నవ్వుతారు. 'ఏందన్నా, టైర్ ఆగుతదా?' అంటారు. అనుకోనివ్వండి. 12 వారాలంటే మూడు నెలలు కూడా కాదు. ఆ గుట్టలు ఎక్కడికీ పోవు. రేపు పొద్దున 20 నిమిషాల నడకతో మొదలుపెట్టండి, చాలు.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. షుగర్, బీపీ, గుండె, కీళ్ల సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్ సలహా తీసుకున్నాకే మొదలుపెట్టాలి.)