వందకి వంద వచ్చినా ఫెయిల్! జావాస్క్రిప్ట్ ఎలా పోలుస్తుంది?

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రోగ్రామ్‌తో మొదలుపెడదాం. వెబ్ పేజీలో రెండు బాక్సులున్నాయి. ఒకదాంట్లో పాస్ మార్కులు 35, ఇంకోదాంట్లో వచ్చిన మార్కులు 100 అని టైప్ చేశాం. పాస్ మార్కుల కన్నా తక్కువైతే ఫెయిల్ అని, లేకపోతే పాస్ అని చూపించమన్నాం. బటన్ నొక్కితే ఏమొచ్చింది? ఫెయిల్! ఎర్రర్ మెసేజ్ కూడా లేదు.

ఎందుకిలా? బాక్స్‌లో మనం అంకెలే టైప్ చేసినా, దాని వాల్యూ తీసుకుంటే వచ్చేది నంబర్ కాదు, స్ట్రింగ్. అంటే అక్షరాల వరస. రెండు స్ట్రింగులని పోల్చేటప్పుడు జావాస్క్రిప్ట్ డిక్షనరీ పద్ధతిలో మొదటి అక్షరం నుంచి చూస్తుంది. "100"లో మొదటిది 1, "35"లో మొదటిది 3. ఇంకేముంది, "100" చిన్నదని తేల్చేస్తుంది. వెనకున్న సున్నాలని చూడనే చూడదు.

మరి ఒకవైపు స్ట్రింగ్, ఇంకోవైపు నంబర్ ఉంటే? స్ట్రింగ్‌ని తనే నంబర్‌గా మార్చుకుంటుంది. దీన్నే టైప్ కోయర్షన్ అంటారు. "100" < 35 అని రాస్తే ఫాల్స్ వస్తుంది, అంటే కరెక్టే. అందుకే 35ని కోడ్‌లోనే రాసినంతకాలం అంతా బాగానే నడుస్తుంది. దాన్ని కూడా బాక్స్‌లోంచి తీసుకున్న రోజు తప్పు బయటపడుతుంది. పైథాన్ 3లో అయితే "100" < 35 అనగానే టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ ఆగదు, ఏదో ఒక జవాబు చెప్పేస్తుంది.

డబుల్ ఈక్వల్స్ కూడా ఇంతే. 0 == "" అంటే ట్రూ. అంటే బాక్స్ ఖాళీగా వదిలేసినా, సున్నా మార్కులు వచ్చినా దానికి ఒకటే! 0 == "0" కూడా ట్రూ. కానీ "" == "0" మాత్రం ఫాల్స్, ఎందుకంటే అక్కడ రెండూ స్ట్రింగులే. అందుకే 1999లో వచ్చిన ఎక్మాస్క్రిప్ట్ మూడో ఎడిషన్‌లో ట్రిపుల్ ఈక్వల్స్ చేర్చారు. === టైప్ కూడా చూస్తుంది, టైప్ వేరైతే ఫాల్స్.

అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. < కి, > కి అలాంటి స్ట్రిక్ట్ వెర్షన్ లేదు. కాబట్టి === ఒక్కటే వాడితే మన మార్కుల ప్రోగ్రామ్ బాగుపడదు. వాల్యూ చేతికి రాగానే నంబర్ ఫంక్షన్‌తో మార్చేయాలి. అందులోనూ రెండు జాగ్రత్తలున్నాయి. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే అది 0 ఇస్తుంది, కాబట్టి ఖాళీగా ఉందేమో ముందే చూడాలి. "వంద" అని అక్షరాల్లో రాస్తే నాన్ వస్తుంది, అంటే నంబర్ కాదని. నాన్ < 35 ఫాల్స్ కాబట్టి వాడు పాసైపోతాడు! అందుకే నాన్ వచ్చిందేమో చెక్ చేశాకే పోల్చాలి.

ఇప్పుడు మీకో హోమ్‌వర్క్. నల్ == 0 ఫాల్స్, కానీ నల్ >= 0 ట్రూ. ఎందుకో ఆలోచించండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్!