అమృతరావు ప్లాన్ ఫెయిలైతే మనకెందుకంత హ్యాపీ?

2007లో ఆగిపోయిన సీరియల్ అది. అప్పటికి బడి మెట్లు కూడా ఎక్కని పిల్లలు ఇప్పుడు దాని క్లిప్పులు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటున్నారు. మా పర్చూరులో ఎవడైనా కొత్త బిజినెస్ ఐడియా చెబితే చాలు, ‘ఏరా, ఇంకో అమృత విలాసా?’ అని ఏడిపిస్తారు. ‘అమృతం’లో అంత ఏముంది?

గుణ్ణం గంగరాజు తీసిన ఈ సీరియల్ 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలైంది. ఆదివారం రాత్రి వచ్చేది. ఆరేళ్లు, 300 పైచిలుకు ఎపిసోడ్లు.

ఏమవుతుందో ముందే తెలుసు

అమృతరావుకి ఓ ‘బ్రహ్మాండమైన’ ఐడియా వస్తుంది. ఆంజనేయులు భయపడుతూనే ఒప్పుకుంటాడు. హోటల్లో సర్వం ఉన్నాడు, ఇంటికెళ్తే భార్యలు సంజీవని, శాంత. పైన ఇంటి ఓనరు అప్పాజీ. చివరికి ఐడియా అడ్డం తిరుగుతుంది. ఇది అందరికీ తెలుసు. డైలీ సీరియల్ ‘రేపేమవుతుంది?’ అని లాగుతుంది. సిట్‌కామ్ ‘ఈసారి ఎలా మునుగుతారు?’ అని కూర్చోబెడుతుంది. మూడు వారాలు మిస్సయినా కథ అర్థమవుతుంది. అందుకే అప్పటి టీవీకి రాసింది ఇప్పుడు ఫోన్‌లో కూడా హాయిగా ఇమిడిపోయింది.

బలమంతా ఆ పాత్రల అమరికలోనే ఉంది. అమృతరావుగా మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, హర్షవర్ధన్ కనిపించారు. మనిషి మారినా జనం పోలేదు. అంజిగా నవ్వించిన గుండు హనుమంతరావు 2018లో కన్నుమూశారు. 2020లో జీ5లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో ఆ పాత్ర ఎల్.బి.శ్రీరామ్ చేశారు. కానీ 2014లో ‘చందమామలో అమృతం’ అని ఆ జంటని చంద్రుడి మీదికి పంపితే సీరియల్‌కి వచ్చినంత ఆదరణ రాలేదు. అమెరికా ‘ఫ్రెండ్స్’ పదేళ్లు ఆడిందీ ఒక కాఫీ షాపు, రెండు ఫ్లాట్ల చుట్టూనే కదా!

నష్టం లేని నష్టం

ఇద్దరు కలిసి వ్యాపారం మొదలుపెట్టడం మా వైపు వాళ్లకి కొత్తేం కాదు. పొలం కౌలుకి తీసుకుంటారు, అప్పు తెస్తారు, మిర్చి టిక్కీకి ఎంత పలుకుతుందో పైరు పూత మీద ఉండగానే లెక్కలేస్తారు. ఆ లెక్కలేసేటప్పుడు ప్రతివాడూ అమృతరావే. కాకపోతే 2021లో నల్ల తామరపురుగు మిర్చి తోటల్ని ఊడ్చేసినప్పుడు ఎపిసోడ్ అక్కడితో అయిపోలేదు. వడ్డీ మరుసటి ఏడాదికీ వచ్చింది.

సీరియల్లో మాత్రం వచ్చే ఆదివారానికి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. పోయిన వారం పోయిన డబ్బు గురించి ఎవరూ అడగరు. మన జీవితంలో భయపెట్టేది అక్కడ నవ్విస్తోందంటే కారణం ఇదే. ఓడిపోవడం మనకి తెలుసు. బిల్లు కట్టనక్కర్లేని ఓటమిని ఓ అరగంట చూస్తాం.

ఇంకో సంగతి డబ్బు కంటే పెద్దది. నిజమైన భాగస్వామ్యాల్లో నష్టం వస్తే ముందు మాటలు ఆగిపోతాయి. ‘నీవల్లే’ అన్న ఒక్క మాటకి బావాబామ్మర్దులు ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉంటారు. అంజి కూడా అమృతాన్ని తిడతాడు, గొణుగుతాడు. పార్టనర్‌షిప్ మాత్రం వదలడు. తర్వాతి ఐడియా వినడానికి మళ్లీ పక్కనే ఉంటాడు.

జోకులు ఎవరైనా రాస్తారు. వందసార్లు ముంచినా వదిలిపోని స్నేహితుణ్ణి నమ్మేలా రాయడమే కష్టం. అది కుదిరిన సీరియల్‌నే ఊళ్లకి ఊళ్లు చూస్తాయి.