ఆల్ప్రాజోలం
కల్తీ కల్లు వార్తల్లో తరచూ కనిపించే ఆల్ప్రాజోలం, ఆందోళన, తీవ్ర భయం వంటి రుగ్మతలకు వైద్యులు స్వల్పకాలానికి రాసే బెంజోడయాజెపైన్ తరగతి మందు. నాడీకణాల ఉద్రేకాన్ని అణిచే ‘గాబా’ అనే మెదడు రసాయనం ప్రభావాన్ని ఇది పెంచడం వల్ల మనసు నెమ్మదించి, నిద్రమత్తు కమ్ముతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దీన్ని నియంత్రిస్తున్నా, కరీంనగర్, ఆదిలాబాద్ సహా ఉత్తర తెలంగాణలో కల్లు గిరాకీకి చాలనిచోట కల్తీలో ఇది చేరుతుండగా, తాగేవారికి మోతాదు తెలియదు. మద్యంతో కలిస్తే శ్వాస మందగించే ప్రమాదమూ ఉంది.

అంతకన్నా తక్కువమందికి తెలిసిన ముప్పు మానేసినప్పుడు ఎదురవుతుంది. అలవాటుపడిన మెదడుకు ఇది ఒక్కసారిగా అందకపోతే వణుకు, నిద్రలేమి, భ్రమలు, మూర్ఛలు వస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు తెలంగాణలో అనేకులు ఈ లక్షణాలతోనే ఆసుపత్రుల్లో చేరారు. ఇది చికిత్స ఉన్న స్థితి. వైద్యుల పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గిస్తూ మాన్పిస్తారు.