మిరప మంట తెరమీద ఎలా కదులుతుంది?

జనవరి నుంచి మార్చి దాకా వినుకొండ చుట్టుపక్కల ఊళ్ళలో మిరపకోతలు జోరుగా సాగుతాయి. పొద్దుగూకి ఇల్లు చేరిన కూలీల చేతులు ఎన్ని నీళ్ళు పోసి కడిగినా భగభగమంటూనే ఉంటాయి. ముందు కాస్త నూనె రుద్ది, తర్వాత సబ్బు పెడితే కొంత నయం. ఈ మంటకు కారణం క్యాప్సైసిన్ అనే అణువు. అందులో ఉన్నవి 49 పరమాణువులే: కార్బన్లు 18, హైడ్రోజన్లు 27, ఆక్సిజన్లు 3, నైట్రోజన్ ఒకటి. ఒక కొసన వలయం ఉన్న తల, రెండో కొసన కార్బన్ల తోక. ఆ తోక నూనెలో కలుస్తుంది, నీళ్ళలో కలవదు.

ఈ అణువును బోర్డుమీద గీయడం ఏ లెక్చరర్‌కైనా నిమిషం పని. చిక్కంతా అది వెళ్ళి పట్టుకునే చోటుతోనే. మన నాడీకణాల త్వచంలో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని బయటపెట్టింది. 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. ఎలుకలో ఇది 838 అమైనో ఆమ్లాల గొలుసు. అలాంటి గొలుసులు నాలుగు గుండ్రంగా చేరి నడుమ సన్నటి దారి వదులుతాయి. దీన్ని కాగితంమీద గీస్తే గీతమీద గీత పడి ఏది ముందుందో, ఏది వెనకుందో అంతుపట్టదు. అదే బొమ్మను తెరమీద మెల్లగా తిప్పితే లోతు కంటికి తెలిసిపోతుంది. 1960లలోనే అమెరికాలో సైరస్ లెవింథాల్ కంప్యూటర్ తెరపై ప్రోటీన్లను ఇలా తిప్పి చూశాడు.

మంచి యానిమేషన్ పనితనం చూపించేదాంట్లో కన్నా దాచేదాంట్లో ఉందని నా అభిప్రాయం. నాలుగు గొలుసుల్లో మూడింటికి బూడిదరంగు వేసి ఒక్కదానికే ముదురు రంగు వేయాలి. త్వచాన్ని అడ్డంగా కోసి చూపాలి. అప్పుడు క్యాప్సైసిన్ కొవ్వు పొరలోకి జారుకోవడం, ప్రోటీన్ పక్కనున్న గుంటలో తల కిందికి, తోక పైకి పెట్టుకుని కుదురుకోవడం కనబడతాయి. తల అక్కడి గొలుసు ముక్కను పట్టి లాగుతుంది. దారి అడుగున ఉన్న ఇరుకు విచ్చుకుంటుంది. కాల్షియం, సోడియం అయాన్లు సెకనుకు లక్షల్లో లోపలికి దూకుతాయి. నాడి మెదడుకు కబురు పెడుతుంది. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలినా తెరుచుకునేది ఈ దారే. పక్షుల్లోనూ ఈ ప్రోటీన్ ఉంది, వేడికి స్పందిస్తుంది కూడా. కానీ క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. రామచిలుక పండు మిరపకాయను అంత తీరిగ్గా కొరుక్కు తినేది అందుకే.

ఇంత చక్కగా అర్థమయ్యే వీడియోలో కొలిచిందెంత, కల్పించిందెంత?

2013 డిసెంబరులో జూలియస్, యిఫాన్ చెంగ్ బృందాలు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ ప్రోటీన్ నిర్మాణాలను ప్రకటించాయి. మూసి ఉన్నది ఒకటి, క్యాప్సైసిన్ పట్టినది ఒకటి, విషపదార్థాలతో బార్లా తెరిపించినది ఇంకొకటి. మూడూ నిశ్చల చిత్రాలే. నరసరావుపేట స్టాండులో బస్సుకు ఒక ఫోటో, వినుకొండ స్టాండులో మరో ఫోటో తీసి, నడుమ ప్రయాణాన్ని ఊహతో గీసినట్టే, మొదటి బొమ్మకూ చివరి బొమ్మకూ మధ్య దశలను సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి నింపుతుంది. అసలు ప్రోటీన్ ఆ దారినే నడిచిందని హామీ లేదు. పైగా క్యాప్సైసిన్ చిత్రం స్పష్టత 0.42 నానోమీటర్లు, రెండు కార్బన్ల మధ్య దూరమేమో 0.15. అందుకే తోక సరిగా అగుపించలేదు. తల కిందికి, తోక పైకి అన్న సంగతిని 2015లో కంప్యూటర్ లెక్కలతో, ప్రోటీన్‌లో మార్పులు చేసి చూసిన ప్రయోగాలతో తేల్చారు. వీడియోలో మాత్రం తోక తళతళలాడుతూ ఉంటుంది.

రంగుల సంగతీ అంతే. కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు చిన్నవైన పరమాణువులకు రంగెక్కడిది? ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం అన్నది మనం పెట్టుకున్న కట్టుబాటు. చుట్టూ కిక్కిరిసిన నీటి అణువులను తీసేస్తారు, లేకపోతే ఏమీ కనబడదు. అణువు తిన్నగా గురిచూసి వచ్చి కూర్చోవడమూ నాటకమే. నిజానికి అది నీటి దెబ్బలకు అన్ని దిక్కులా తూలుతూ, తగులుతూ, ఊడిపోతూ ఎప్పటికో గుంటలో పడుతుంది. ఈ తూలుడును కాస్తయినా చూపని వీడియో నాకు నచ్చదు. అలాంటిది చూస్తే అణువులకు ఉద్దేశాలున్నాయని పిల్లలు అనుకుంటారు.

1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులో 2 లక్షలకు పైగా నిర్మాణాలున్నాయి. ఎవరైనా పైసా కట్టకుండా చూడొచ్చు, సెల్‌ఫోన్లోనే తిప్పొచ్చు. మూసిన టీఆర్‌పీవీ1 కోసం 3జే5పీ అని, క్యాప్సైసిన్ పట్టినదానికి 3జే5ఆర్ అని కొట్టాలి. చాలా ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు పెద్ద తెరలున్నాయి. పల్నాటి సైన్సు మాస్టార్లూ, ఈ రెండు నిర్మాణాలనూ కలిపి తెలుగు మాటలతో ఒక చిన్న వీడియో చేయండి. చేసినప్పుడు తెర అడుగున ఈ వాక్యం తప్పకుండా వేయండి: మొదటి, చివరి బొమ్మలు కొలిచినవి, మధ్యవి కంప్యూటర్ గీసినవి.