ప్రిన్స్ ఆఫ్ ది సిటీ: సగం నిజం చెల్లదు

పోలీసు అవినీతి సినిమాల్లో మామూలుగా ఒక నిజాయితీపరుడుంటాడు, చుట్టూ తినేవాళ్ళుంటారు. సిడ్నీ లుమెట్ 1973లో తీసిన 'సెర్పికో' అలాంటిదే. అదే న్యూయార్క్ పోలీసుల మీద 1981లో ఆయనే తీసిన 'ప్రిన్స్ ఆఫ్ ది సిటీ'లో మాత్రం కథానాయకుడూ తిన్నవాడే. అందుకే ఇది అంత తేలిగ్గా మింగుడు పడదు.

కథకు మూలం డిటెక్టివ్ రాబర్ట్ ల్యూసీ జీవితం. దాన్ని రాబర్ట్ డేలీ 1978లో పుస్తకంగా రాశాడు. తెరమీద ఆ మనిషి పేరు డానీ సియెల్లో. ట్రీట్ విలియమ్స్ ఆ పాత్ర వేశాడు.

డానీ పనిచేసేది మత్తుమందుల ముఠాలను పట్టే ప్రత్యేక దళంలో. వాళ్ళకు ఊరంతా తమదే, పైనుంచి అడిగేవాళ్ళు తక్కువ. దాడుల్లో దొరికిన డబ్బులో కొంత జేబుల్లోకి పోతుంది. ఇన్ఫార్మర్లేమో మత్తుకు బానిసలు. వాళ్ళు నోరు విప్పాలంటే హెరాయిన్ ఇవ్వాలి. ఒక వాన రాత్రి తన ఇన్ఫార్మర్ కోసం డానీ ఇంకో బానిస దగ్గర సరుకు లాక్కుంటాడు. ఆ రాత్రి అతన్ని నిద్రపోనివ్వదు.

దాంతో అవినీతిపై విచారణ జరుపుతున్న ప్రభుత్వ లాయర్లకు సాయపడటానికి ఒప్పుకుంటాడు. ఒంటికి మైకు కట్టుకుని తిరుగుతాడు. షరతు ఒక్కటే: నా జట్టువాళ్ళ జోలికి మాత్రం రాకూడదు.

చిక్కంతా ఆ షరతులోనే ఉంది. అప్రూవర్‌ను బోనెక్కించగానే ఎదుటి లాయరు అడిగే మొదటి ప్రశ్న: నువ్వేం తప్పులు చేశావు? దాస్తే అబద్ధపు సాక్ష్యం. అది బయటపడితే అతని మాట మీద నిలబడ్డ కేసులన్నీ కూలిపోతాయి. అన్నీ చెబితే, ఆ తప్పుల్లో పక్కనున్న స్నేహితుల పేర్లూ చెప్పాలి. డానీ మూడే తప్పులు చేశానని మొదలుపెడతాడు. ఆ లెక్క నిలవదు. చివరికి జట్టంతా బయటపడుతుంది. కొందరు ఆత్మహత్య చేసుకుంటారు. డానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు అడ్డుపడింది మాఫియాలో ఉన్న చుట్టం. చట్టంవైపు నిలబడమన్నవాళ్ళేమో కడకు అతని మీదే కేసు పెట్టాలా వద్దా అని వాదులాడుకుంటారు.

కేసు పెట్టరు. చివర్లో పోలీసు శిక్షణ తరగతిలో డానీ పాఠం చెబుతుంటే, అతనెవరో తెలిసిన ఒక పోలీసు లేచి వెళ్ళిపోతాడు. డానీ ద్రోహియా, ధైర్యవంతుడా అన్నది లుమెట్ తేల్చడు. నా మటుకు, డానీ నేరం నోరు విప్పడం కాదు, నిజాన్ని తనకు కావలసినంతే కొలిచి ఇవ్వవచ్చనుకోవడం. సినిమా నిడివి 167 నిమిషాలు, పాత్రలు చాలా ఎక్కువ. మొదటి అరగంటలో పేర్లు కలగాపులగమైనా వదలకండి. డానీ చెప్పే లెక్కను మాత్రం గుర్తుపెట్టుకుని చూడండి.